బిలాల్: బండ కింద నుంచి కాబా పైకి, మధ్యలో ఒక అప్పు

బిలాల్ పేరు వినగానే చాలామందికి రెండు దృశ్యాలు గుర్తొస్తాయి. మక్కాలో మిట్టమధ్యాహ్నం కాలే ఇసుక మీద వెల్లకిలా పడుకోబెట్టి, కదలకుండా ఛాతీ మీద బండరాయి పెట్టిన దృశ్యం ఒకటి. ఇరవై ఏళ్లు తిరగకముందే అదే మక్కాలో కాబా కప్పు మీద నిలబడి అజాన్ ఇచ్చిన దృశ్యం రెండోది. మిలాద్ సభల్లో ఎక్కువగా వినిపించేవి ఈ రెండే. మన సభలకు ముస్లిం మిత్రులు వచ్చినప్పుడూ ఈ రెండే చెబుతారు. నల్లవాడు, బానిస, చివరికి గౌరవం. కథ బాగుంటుంది, చప్పట్లు పడతాయి.

మూడో దృశ్యం ఒకటుంది. అది అప్పు గురించి. చెప్పేవాళ్లు తక్కువ. తాత ఎందుకు జీతానికి కుదరాల్సి వచ్చిందో ఇంట్లో విని పెరిగినవాళ్లకు మాత్రం అన్నిటికన్నా ముందు అర్థమయ్యేది అదే. అక్కడికి వెళ్లేముందు ఆయన ఎవరో, ఎక్కడివాడో చూద్దాం.

బిలాల్ 580 ప్రాంతంలో పుట్టాడని చరిత్రకారుల అంచనా. తండ్రి రబాహ్, తల్లి హమామా. మూలాలు అబిసీనియావి, అంటే నేటి ఇథియోపియా ప్రాంతం. పుట్టుకతోనే బానిస. యజమాని ఉమయ్యా బిన్ ఖలఫ్, మక్కాను ఏలిన ఖురైష్ తెగలో బనూ జుమహ్ వంశపు పెద్ద. అప్పటి అరేబియాలో మనిషికి రక్షణ అతని తెగ. మీద చెయ్యి పడితే తెగంతా కదిలి వస్తుంది. తెగ లేనివాణ్ణి కొట్టినా చంపినా అడిగే దిక్కు లేదు. ఊరి న్యాయం వాడ దాకా రాకపోవడం అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఇది వేరే వివరించనక్కర్లేదు.

ముహమ్మద్ ప్రవక్త మక్కాలో బోధ మొదలుపెట్టినప్పుడు బహిరంగంగా ముందుకొచ్చిన తొలి ఏడుగురిలో బిలాల్ ఒకడని హదీసులు చెబుతాయి. ప్రవక్తకు పినతండ్రి అండ ఉంది. అబూబకర్‌కు వంశం అండ ఉంది. మిగిలిన వాళ్లకు ఇనుప కవచాలు తొడిగి ఎండలో నిలబెట్టారు. సుమయ్యా అనే బానిస స్త్రీని చంపేశారు. ఆమె కొడుకు అమ్మార్ హింస తట్టుకోలేక వాళ్లు అనమన్న మాట అన్నాడు. తర్వాత ఏడ్చుకుంటూ వచ్చి ప్రవక్తకు చెప్పుకున్నాడు. మనసు మారనప్పుడు ప్రాణభయంతో నోటితో అన్న మాటకు తప్పు లేదని ప్రవక్త ఓదార్చాడు. అంటే, లొంగినట్టు నటించడానికి మతపరంగా అభ్యంతరం లేదు. అమ్మార్‌ని ఎవరూ తక్కువ చేయలేదు, చేయకూడదు కూడా.

బిలాల్ మాత్రం ఆ మాట అనలేదు. మెడకు తాడు కట్టి పిల్లల చేతికిస్తే వాళ్లు మక్కా లోయల్లో ఈడ్చుకు తిరిగారు. ఆయన నోటి నుంచి వచ్చింది దేవుడు ఒక్కడే అన్న అర్థమిచ్చే ఒకే ఒక్క పదం. దాన్నే మళ్లీ మళ్లీ అన్నాడు. వేదాంత చర్చగా చూస్తే అది ఏకేశ్వరవాదం. ఉమయ్యాకు వినిపించింది మాత్రం వేరు. తన బానిస తనకన్నా పైన ఇంకో యజమాని ఉన్నాడంటున్నాడు. ఆ యజమాని ముందు తామిద్దరూ ఒకటే అంటున్నాడు. బండరాయి బరువు పెంచడానికి కారణం రాతి విగ్రహాల మీద ప్రేమ ఒక్కటే అయ్యుంటుందని నేను అనుకోను.

చివరికి అబూబకర్ ఆయన్ని కొని విడిపించాడు. ఎంతకు కొన్నాడన్న దానిపై కథనాలు వేరువేరుగా ఉన్నాయి. కొన్ని బంగారం లెక్క చెబుతాయి. ప్రవక్త తొలి జీవితచరిత్ర రాసిన ఇబ్న్ ఇస్‌హాక్ మాత్రం, అబూబకర్ తన దగ్గరున్న మరో నల్ల బానిసను ఇచ్చి బిలాల్‌ని తీసుకున్నాడని రాశాడు. ఆ రెండో మనిషి ఇంకా బలమైనవాడట, ఉమయ్యా మతస్థుడేనట. అంతకుమించి అతని గురించి ఏమీ లేదు, పేరైనా లేదు. బిలాల్ విముక్తి గురించి చదివినప్పుడల్లా నాకు ఆ పేరు లేని మనిషి దగ్గర ఆగాలనిపిస్తుంది. ఇస్లాం బానిసలను విడిపించడాన్ని గొప్ప పుణ్యం చేసింది, కొన్ని తప్పులకు ప్రాయశ్చిత్తంగా తప్పనిసరి కూడా చేసింది. బానిసత్వాన్ని మాత్రం అప్పుడే రద్దు చేయలేదు. ముస్లిం రాజ్యాల్లో ఆ వ్యాపారం వెయ్యేళ్లకు పైగా నడిచింది. అహ్మద్‌నగర్‌ని నడిపించిన మాలిక్ అంబర్ కూడా ఇథియోపియాలో పుట్టి, అమ్ముడుపోతూ మన దక్కన్ చేరినవాడే. ఇది దాచిపెట్టి బిలాల్ కథ చెబితే అది ప్రచారం అవుతుంది.

622లో ముస్లింలు మదీనాకు వలస వెళ్లారు. జనాన్ని నమాజుకు ఎలా పిలవాలన్న చర్చ వచ్చింది. కొమ్ము ఊదాలా, గంట కొట్టాలా అన్నారు. చివరికి మనిషి గొంతు చాలనుకున్నారు. అజాన్ మాటలు అబ్దుల్లా బిన్ జైద్ అనే మదీనావాసికి కలలో వినిపించాయని చెబుతారు. ప్రవక్త ఆయన్నే అజాన్ ఇవ్వమనలేదు. బిలాల్ గొంతు ఇంకా దూరం వెళుతుంది కాబట్టి ఆ మాటలు బిలాల్‌కి నేర్పమన్నాడు. నిన్నటిదాకా పిలిస్తే పరిగెత్తాల్సిన మనిషి, ఇప్పుడు పిలిచేవాడయ్యాడు. ఖురైష్ పెద్దలైనా ఆ పిలుపుకు లేచి రావాల్సిందే.

మసీదు పక్కన బనూ నజ్జార్ తెగకు చెందిన ఒకామె ఇల్లు ఎత్తుగా ఉండేది. బిలాల్ దాని కప్పు మీదికెక్కి అజాన్ ఇచ్చేవాడు. ఆమె చెప్పిన సంగతి అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. బిలాల్ చీకటి ఉండగానే వచ్చి, కప్పు మీద కూర్చుని తెల్లవారడం కోసం తూర్పు దిక్కు చూస్తుండేవాడు. వెలుగు రేఖ కనపడగానే ఒళ్లు విరుచుకుని లేచి, అజాన్‌కి ముందు ఒక ప్రార్థన చేసేవాడు. ఖురైష్ తెగకు దారి చూపమని దేవుణ్ణి వేడుకోవడం ఆ ప్రార్థన. ఒక్క రాత్రి కూడా అది మానడం తాను చూడలేదని ఆమె అంది. మెడకు తాడు వేసి ఈడ్చిన ఊరివాళ్ల కోసం, వినేవాళ్లెవరూ లేని చీకట్లో చేసిన ప్రార్థన అది. ఇంటామె విన్నది కాబట్టి మనకు తెలిసింది.

ఇది విని ఆయన్ని అన్నీ క్షమించేసే సాధువుగా ఊహించుకోవద్దు. 624లో బద్ర్ యుద్ధంలో ఉమయ్యా, అతని కొడుకు బందీలుగా దొరికారు. పట్టుకున్న అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ ఉమయ్యాకు పాత స్నేహితుడు, ప్రాణాలతో తీసుకెళ్లాలనుకున్నాడు. దారిలో బిలాల్ కంటపడ్డారు. ఆయన గొంతెత్తి మదీనా యోధులను పిలిచాడు. తండ్రీకొడుకులిద్దరూ అక్కడే చనిపోయారు. బందీలను చంపడాన్ని నేను సమర్థించడం లేదు. రోజూ తెల్లవారుజామున ఖురైష్ కోసం ప్రార్థించిన మనిషి, తన ఛాతీ మీద బండ పెట్టినవాడు ఎదురుపడ్డప్పుడు తట్టుకోలేకపోయాడు. రెండూ ఒకే మనిషి. పుస్తకాలు రెండూ దాచకుండా రాశాయి.

ఇక అప్పు సంగతి.

మదీనాలో ప్రవక్త ఇంటి ఖర్చులు, దానధర్మాలు చూసే బాధ్యత బిలాల్‌దే. ఒంటి మీద గుడ్డ లేని పేదవాడు వస్తే ప్రవక్త బిలాల్‌కి చెప్పేవాడు. చేతిలో డబ్బు ఉండేది కాదు. బిలాల్ వెళ్లి ఎక్కడో అప్పు చేసి, గుడ్డ కొని కప్పి, అన్నం పెట్టేవాడు. ఇది గమనించిన ఒక వ్యాపారి, ముస్లిం కానివాడు, ఆయన్ని కలిశాడు. తన దగ్గర బోలెడు సొమ్ముందని, ఇకమీదట ఎవరి దగ్గరికీ వెళ్లకుండా తన దగ్గరే తీసుకోమని చెప్పాడు. అప్పులిచ్చే కామందు మాట మొదట్లో ఎక్కడైనా ఇంత తియ్యగానే ఉంటుంది. బిలాల్ అలాగే తీసుకుంటూ వచ్చాడు.

ఒకరోజు ఆయన వజూ చేసుకుని అజాన్‌కి లేవబోతుంటే ఆ వ్యాపారి కొందరితో కలిసి వచ్చాడు. పేరు పెట్టి పిలవలేదు, హబషీవాడా అని పిలిచాడు. కటువుగా మాట్లాడాడు. నెల నిండటానికి ఎన్ని రోజులుందో అడిగి, నాలుగు రోజులేనని తానే లెక్క చెప్పాడు. ఈలోగా బాకీ తీరకపోతే బాకీ కింద బిలాల్‌నే పట్టుకుపోయి, వెనకటిలా గొర్రెలు కాయిస్తానన్నాడు.

బిలాల్ అప్పటికి స్వతంత్రుడై ఏళ్లు గడిచాయి. మసీదులో గౌరవం ఉంది. బద్ర్‌లో పోరాడాడు. అయినా ఒక్క అప్పు ఆయన్ని మళ్లీ మంద దగ్గరికి చేర్చగలదు. విముక్తి కాగితం ఎంత పలచనో అప్పిచ్చినవాడికి బాగా తెలుసు. ఆ అప్పు ఆయన సొంతానికి చేసింది కూడా కాదు. మన దగ్గర వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అప్పు పేరుతో మనిషిని కట్టేసుకోవడం నేరమని చెప్పడానికి స్వతంత్రం వచ్చాక కూడా దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ రాత్రి నమాజు అయ్యాక బిలాల్ ప్రవక్త దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. బాకీ తీర్చడానికి మీ దగ్గరా లేదు, నా దగ్గరా లేదు, దేవుడు దారి చూపేదాకా ఇస్లాం స్వీకరించిన ఏదో ఒక తెగలోకి పారిపోవడానికి అనుమతివ్వమని అడిగాడు. ఇంటికొచ్చి కత్తి, సంచి, చెప్పులు, డాలు తల దగ్గర పెట్టుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున బయల్దేరబోతుంటే ఎవరో పేరు పెట్టి పిలుస్తూ పరిగెత్తుకొచ్చారు. వెళ్లి చూస్తే సరుకులతో నాలుగు ఒంటెలు మోకరిల్లి ఉన్నాయి. ఫదక్ పెద్ద పంపిన కానుక అది, బట్టలు, తిండిగింజలు. బాకీ అంతా తీరిపోయింది.

కథ ఇక్కడితో ఆగితే మామూలు మహిమ కథే. కానీ ఆగదు. బాకీ పోను కొంత మిగిలింది. ప్రవక్త దాన్నీ పంచేయమన్నాడు, అది పంచేదాకా ఇంటికి వెళ్లనన్నాడు. ఆ రోజు తీసుకునేవాళ్లెవరూ రాలేదు. ఆయన రాత్రి మసీదులోనే ఉండిపోయాడు. మర్నాడు అవసరమైనవాళ్లు దొరికి అంతా పంచాక, బిలాల్ వచ్చి చెప్పాకే లేచి ఇంటికి నడిచాడు. అది తన దగ్గరుండగా చావు వస్తుందేమోనని ఆయన భయపడ్డాడని బిలాల్ తర్వాత ఒకాయనకు చెప్పాడు.

దేవుడి మీద నమ్మకాన్ని ముస్లింలు తవక్కుల్ అంటారు. మన వాడుకలో దేవుడి మీద భారం వేయడం అంటే చేతులు ముడుచుకుని కూర్చోవడమనే అర్థం స్థిరపడింది. పేదలకు ఉన్నవాళ్లు ఎక్కువగా నేర్పేదీ అదే. బిలాల్ తవక్కుల్ అలాంటిది కాదు. ఆయన చెప్పులు తల దగ్గర పెట్టుకునే పడుకున్నాడు. ఎటు వెళ్లాలో ఆలోచించుకున్నాడు, కత్తి సిద్ధం చేసుకున్నాడు. ఒంటెలు రాకపోతే ఆ తెల్లవారుజామున ఆయన దారి పట్టి ఉండేవాడు. తన బతుకు మీద ఆఖరి మాట అప్పిచ్చినవాడిది కాదని నమ్మడం ఆ తవక్కుల్‌లో అసలు సంగతి. బండ కింద ఆయన అన్న ఆ ఒక్క పదం కూడా ఇదే చెప్పింది.

ఇంకోసారి బిలాల్ దగ్గర ఖర్జూరాల కుప్ప ఉంది. ప్రవక్త చూసి అదేమిటన్నాడు. వచ్చే అతిథుల కోసం దాచానని బిలాల్ బదులిచ్చాడు. లేమి వస్తుందన్న భయం పెట్టుకోకుండా పంచేయమని ప్రవక్త చెప్పాడు. ఆకలి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి నాలుగు కాయలు దాచుకోవడం సహజం. భయం లేకుండా పంచడం ఆయన కూడా నేర్చుకోవాల్సి వచ్చింది. ఖైబర్ నుంచి తిరిగొచ్చేటప్పుడు, అందరూ పడుకుంటే తెల్లవారగానే లేపే పని బిలాల్‌కి అప్పజెప్పారు. ఆయన ఒంటెకు ఆనుకుని తూర్పు వైపు చూస్తూ కూర్చుని అలాగే నిద్రపోయాడు. ఎండ మీద పడితే గానీ ఎవరూ లేవలేదు. అడిగితే, మిమ్మల్ని పట్టిన నిద్రే నన్నూ పట్టిందన్నాడు. ఎవరూ శిక్షించలేదు. లేచి నమాజు చేసుకున్నారు.

మదీనాలోనూ కులగర్వం లాంటిది పోలేదు. అబూజర్ అనే సహచరుడు ఒకణ్ణి తల్లి పేరెత్తి తిట్టాడు. నీలో ఇంకా పాత అజ్ఞానపు రోజులు మిగిలున్నాయని ప్రవక్త ఆయన్ని మందలించాడు. చేతికింద ఉన్నవాళ్లు సోదరులని, మీరు తినేదే పెట్టాలని, మీరు కట్టేదే కట్టించాలని అన్నాడు. బుఖారీ గ్రంథంలో ఆ తిట్టు తిన్న మనిషి పేరు లేదు. వేరే కథనాలు అది బిలాలే అంటాయి. నల్లదాని కొడుకా అన్నది తిట్టు.

పెళ్లి దగ్గర ఆ గర్వం ఇంకా గట్టిది. బిలాల్‌కి ఒక సోదరుడు ఉండేవాడు. తాను అరబ్బునని చెప్పుకుని తిరిగేవాడని తొలి జీవితచరిత్రల్లో ఒక కథ ఉంది. పట్నంలో అద్దె ఇంటి కోసం కులం మార్చి చెప్పుకున్నవాళ్లకు అతను కొత్తవాడేం కాదు. అతను ఒక అరబ్బు ఇంట్లో పిల్లనడిగితే, బిలాల్ వచ్చి చెబితే ఇస్తామన్నారు. బిలాల్ వెళ్లాడు. తాను రబాహ్ కొడుకు బిలాల్‌నని, ఇతను తన తోబుట్టువని చెప్పాడు. తమ్ముణ్ణి మోయలేదు. ఇతని నడవడి, ధర్మం రెండూ బాగాలేవని, ఇష్టమైతే పిల్లనివ్వమని, లేకపోతే మానేయమని అన్నాడు. పుట్టుక దాచలేదు, గుణమూ దాచలేదు. నీ తోబుట్టువైతే చాలని వాళ్లు పిల్లనిచ్చారట.

బిలాల్ అనే పేరు మన దగ్గరి ముస్లిం ఇళ్లలో ప్రేమగా పెట్టుకుంటారు. వియ్యమందే దగ్గర మాత్రం సయ్యద్, పఠాన్, దూదేకుల, ఫకీరు తేడాలు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. పస్మాందా ఉద్యమం అడుగుతున్నది దీని గురించే. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టం నాలుగు శాతం రిజర్వేషన్‌తో బీసీ-ఈ జాబితా తెచ్చింది. అందులో సిద్దీ, హబషీ అన్న పేర్లున్నాయి. నిజాం ఆఫ్రికన్ అశ్వికదళం పేరు హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో ఇంకా ఉంది. విచిత్రం, అదే జాబితాలో మాంసం కొట్టే ఖురేషీల పేరూ ఉంది. మక్కాలో ఒకరు యజమాని తెగ, ఇంకొకరు బానిస. ఇక్కడ ఇద్దరూ ఒకే కాగితం మీద వెనుకబడినవాళ్లు. ఇక ఎస్సీ హోదా సంగతి తెలిసిందే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు అది హిందువులకే అంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మతం మారిన దళిత ముస్లింలు, క్రైస్తవులు ఇప్పటికీ బయటే ఉన్నారు.

630లో మక్కా ప్రవక్త చేతికి వచ్చింది. ఆయన కాబా లోపలికి వెళ్లినప్పుడు వెంట ఉన్న కొద్దిమందిలో బిలాల్ ఒకడు. తర్వాత కప్పెక్కి అజాన్ ఇమ్మన్నారు. ఈ మాట వినకుండా తన తండ్రి ముందే చనిపోయాడు, అదృష్టవంతుడని కింద నిలబడ్డ ఒక పెద్ద గొణుక్కున్నాడు. ఈ నల్లకాకి తప్ప ఇంకెవరూ దొరకలేదా అని ఇంకొకడు అన్నాడు. ఓడిపోయారు, ప్రాణాలు దక్కాయి, అయినా నోరు ఊరుకోలేదు. మనుషులందరూ ఒకే జంట సంతానమనీ, తెగలు ఉన్నది ఒకరినొకరు గుర్తుపట్టడానికేననీ చెప్పే ఖురాన్ వాక్యం ఈ సందర్భంలోనే వచ్చిందని కొందరు వ్యాఖ్యాతలు అంటారు.

632లో ప్రవక్త మరణించాక బిలాల్‌కి మదీనాలో ఉండబుద్ధి కాలేదు. అజాన్ ఇస్తూ ఆయన పేరు దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయేదని చెబుతారు. వెళ్లిపోతానంటే ఖలీఫా అబూబకర్ ఉండమన్నాడు. అబూబకర్ తనను కొని విడిపించిన మనిషి. బిలాల్ ఆయనతో సూటిగా మాట్లాడాడు. నన్ను మీ కోసం కొనుక్కుని ఉంటే ఉంచుకోండి, దేవుడి కోసం కొని ఉంటే నన్ను వదిలేయండి అన్న అర్థంలో అడిగాడు. విడిపించినవాడి పట్ల కృతజ్ఞత రెండో సంకెల కావడం మనం మన రాజకీయాల్లో ఎన్నిసార్లు చూడలేదు! బిలాల్ దాన్ని మర్యాదగానే విప్పుకున్నాడు.

సిరియా సరిహద్దుకు వెళ్లాడు. 638 ప్రాంతంలో ఖలీఫా ఉమర్ అక్కడికి వచ్చినప్పుడు అందరూ బతిమాలితే ఒకసారి అజాన్ ఇచ్చాడు. పాత రోజులు గుర్తొచ్చి ఉమర్‌తో సహా అక్కడున్న సహచరులందరూ ఏడ్చారు. ఉమర్ ఖురైష్ తెగవాడు. అబూబకర్ మా నాయకుడు, మా నాయకుణ్ణి విడిపించినవాడు అని బిలాల్‌ని ఉద్దేశించి ఆయన అనేవాడు.

రెండేళ్లు అటూఇటూగా, 640 ప్రాంతంలో, అరవై దాటిన వయసులో బిలాల్ డమాస్కస్‌లో మరణించాడు. పక్కన కూర్చుని భార్య ఎంత దుఃఖమని ఏడుస్తుంటే, ఎంత సంతోషమని ఆయన అన్నాడట. రేపు ముహమ్మద్‌ని, పాత స్నేహితులను కలుస్తానన్నాడు. డమాస్కస్ బాబ్ అల్ సగీర్ శ్మశానంలో ఆయన సమాధి ఉంది. మాలి దేశపు కెయిటా రాజులు తమ వంశాన్ని ఆయనతో కలుపుకున్నారు. 1970లలో వారిస్ దీన్ ముహమ్మద్ వెంట నడిచిన అమెరికా నల్లజాతి ముస్లింలు కొన్నేళ్లపాటు తమను తాము బిలాలియన్లని పిలుచుకున్నారు, తమ పత్రికకు బిలాలియన్ న్యూస్ అని పేరు పెట్టుకున్నారు. ఉమయ్యాకు ఇచ్చేసిన ఆ రెండో బానిస ఏమయ్యాడో ఎవరూ రాయలేదు.